పేరు పెట్టడం వచ్చింది, పరిస్థితిని చూడటం రావాలి

ప్రశ్న: నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. సైకాలజీ నా ప్రధాన సబ్జెక్టు. ఈ సెమిస్టరులో సోషల్ సైకాలజీ పేపరు మొదలైంది. పుస్తకం చదువుతుంటే అన్నీ ముందే తెలిసినట్టు, పెద్దవాళ్లు ఎప్పుడూ అనే మాటలే అన్నట్టు ఉంటాయి. తీరా పరీక్ష రాస్తే నూటికి నలభై దాటడం లేదు. ‘నిర్వచనాలు ఉన్నాయి, విశ్లేషణ లేదు’ అని నా జవాబు పత్రం మీద రాసి ఇచ్చారు. పుస్తకంలోని పెద్ద ప్రయోగాలన్నీ తప్పని తేలిపోయాయని సీనియర్లు అంటున్నారు. అలాంటప్పుడు వాటిని ఎందుకు చదవాలి? లెక్కలంటే భయం కాబట్టి గణాంకాల భాగం వదిలేస్తున్నాను. ఇంకొక విషయం. మా ప్రాజెక్టులో ఐదుగురం ఉన్నాం. ఒక స్నేహితురాలు ఏ పనీ చేయడం లేదని, అందరి ముందూ ‘దీన్నే సోషల్ లోఫింగ్ అంటారు’ అన్నాను, అంటే గుంపులో పని చేసేటప్పుడు శ్రమ తగ్గించడమని. అప్పటి నుంచి తను నాతో మాట్లాడటం మానేసింది. నేను తప్పు సబ్జెక్టు ఎంచుకున్నానా?

సమాధానం: మీ ఉత్తరంలో నాలుగైదు సమస్యలు ఉన్నట్టు కనిపించినా, రెండోసారి చదివేసరికి అవన్నీ ఒకే ముడి దగ్గర చిక్కుపడ్డాయని నాకు తోచింది. పరీక్షలో మీరు చేస్తున్న పనీ, ఆ అమ్మాయి విషయంలో చేసిన పనీ ఒకటే. కళ్లముందున్న ప్రవర్తనకు పుస్తకంలోని పేరొకటి తెచ్చి తగిలించి, దాంతో విషయం తేలిపోయిందనుకుంటున్నారు. సబ్జెక్టు ఎంపికలో పొరపాటు జరిగిందని నేను అనుకోవడం లేదు. చదివే తీరును మాత్రం మార్చుకోవలసి ఉంది.

‘అన్నీ ముందే తెలిసినట్టు ఉంటాయి’ అన్న మాట దగ్గర మొదలుపెడతాను, మిగిలినవన్నీ దాని వెంటే వచ్చాయి కాబట్టి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైనికుల మీద జరిగిన ఒక భారీ సర్వేను 1949లో సామాజిక శాస్త్రవేత్త పాల్ లాజర్స్‌ఫెల్డ్ సమీక్షిస్తూ పాఠకులతో చిన్న ఆట ఆడాడు. బాగా చదువుకున్న సైనికులు తక్కువ చదువుకున్నవాళ్ల కంటే ఎక్కువగా మానసిక ఇబ్బందులకు లోనయ్యారనీ, పల్లెల నుంచి వచ్చినవాళ్లు పట్టణవాసుల కంటే సైనిక జీవితంలో ఉల్లాసంగా ఉన్నారనీ, ఇలాంటి ఫలితాలు కొన్నింటిని వరసగా చెప్పి, ఒక్కొక్కదాని పక్కనే నమ్మదగిన కారణం కూడా ఇచ్చాడు. ఈ మాత్రం తెలుసుకోవడానికి ఇంత పెద్ద సర్వే దేనికని పాఠకుడు విసుక్కునే సమయానికి, తాను చెప్పినవన్నీ అసలు ఫలితాలకు సరిగ్గా తలకిందులని బయటపెట్టాడు. ఎటు తిప్పి చెప్పినా మనకు ‘తెలిసినట్టే’ ఉంటుందన్నమాట. మన భాషలోనే చూడండి. పదిమంది చేతిలో పాము చావదంటాం. చలిచీమలన్నీ కలిస్తే ఎంత బలమైన పామైనా చస్తుందనీ అంటాం. రెండూ నిజమే కావచ్చు. ఏ పరిస్థితిలో చస్తుంది, ఏ పరిస్థితిలో చావదు అన్న ప్రశ్న దగ్గర సామెత ఊరుకుంటుంది, మీ పాఠ్యపుస్తకం మొదలవుతుంది.

అందుకని ఒక పద్ధతి చెబుతాను. ఏ ప్రయోగం చదివినా, ఏం చేశారో వివరించే భాగం పూర్తికాగానే పుస్తకం మూసేయండి. ఫలితం ఎలా వచ్చి ఉంటుందో నోటుబుక్కులో రాయండి. ‘పెరుగుతుంది, తగ్గుతుంది’ అని కాకుండా అంకె వేసి రాయండి. ఆ తరవాతే పేజీ తిప్పండి. ఉదాహరణకు 1959లో ఫెస్టింగర్, కార్ల్‌స్మిత్ కలిసి చేసిన ప్రయోగం తీసుకుందాం. విద్యార్థుల చేత గంటసేపు విసుగెత్తించే పని చేయించారు. మొదటి అరగంట పళ్లెంలో దారపు కండెలు నింపడం, ఖాళీ చేయడం, మళ్లీ నింపడం. రెండో అరగంట ఒక పలకకు అమర్చిన 48 చెక్క మేకులను వరసగా పావు చుట్టు చొప్పున తిప్పుకుంటూ పోవడం. అయ్యాక, తరవాతి వంతు కోసం బయట వేచి ఉన్న మనిషితో ‘పని చాలా సరదాగా ఉంది’ అని చెప్పమన్నారు. ఆ అబద్ధానికి కొందరికి ఒక డాలరు, కొందరికి ఇరవై డాలర్లు ముట్టజెప్పారు. చివర్లో, నిజంగా ఆ పని ఎలా ఉందో మైనస్ 5 నుంచి ప్లస్ 5 దాకా ఉన్న కొలబద్ద మీద చెప్పమన్నారు. ఎవరికి ఎక్కువ నచ్చి ఉంటుంది? తరగతిలో ఈ ప్రశ్న అడిగి చేతులెత్తమంటే ఎక్కువ చేతులు ఇరవై డాలర్ల వైపే లేస్తాయి. అసలు ఫలితంలో ఒక డాలరు వాళ్ల సగటు ప్లస్ 1.35, ఇరవై డాలర్ల వాళ్ల సగటు మైనస్ 0.05. ఇరవై డాలర్లు పుచ్చుకున్నవాడికి అబద్ధం ఎందుకు చెప్పాడో జేబులోనే జవాబు ఉంది. ఒక్క డాలరు పుచ్చుకున్నవాడు ఆ జవాబును తన అభిప్రాయంలో వెతుక్కోవలసి వచ్చింది. మీ అంచనా తప్పిన చోటే మీకు ఆ పాఠం గుర్తుంటుంది. తప్పకపోతే కనీసం ఎంత దగ్గరగా వచ్చారో తెలుస్తుంది.

ఈ ప్రయోగానికి ఆధారమైనది ఫెస్టింగర్ కాగ్నిటివ్ డిసొనెన్స్ సిద్ధాంతం, అంటే మన నమ్మకానికీ చేతకీ పొంతన కుదరనప్పుడు ఆ ఇబ్బందిని తగ్గించుకోవడానికి మనసు ప్రయత్నిస్తుందన్న ఆలోచన. దాని వెనక ఉన్న ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. 1934 నాటి బీహారు భూకంపం తరవాత వ్యాపించిన పుకార్లను జమునా ప్రసాద్ అనే పరిశోధకుడు సేకరించి 1935లో ప్రచురించాడు. ప్రకంపనలు తగిలినా పెద్దగా నష్టం జరగని ప్రాంతాల ప్రజలు, ఇంతకంటే ఘోరమైన విపత్తు రాబోతోందని చెప్పుకున్నారు. భయపడినవాళ్లు తమను ఇంకా భయపెట్టే మాటలనే ఎందుకు నమ్ముతారన్నది ఫెస్టింగర్‌ను పట్టుకున్న ప్రశ్న. భయం ముందే పుట్టింది, దానికి తగిన కారణం చుట్టూ కనిపించలేదు, ఆ లోటును పుకారు పూడ్చింది అన్నది ఆయన ఆలోచన. ‘ఇది జనం మూఢత్వం’ అని పేరు పెట్టి ఆయన ముందుకు వెళ్లిపోయి ఉంటే 1957 నాటి కాగ్నిటివ్ డిసొనెన్స్ సిద్ధాంతానికి ఆ దారి దొరికేది కాదు.

ఇక సారాంశ వాక్యాన్ని వదిలి ప్రయోగాన్నే చదవడమంటే ఏమిటో చూపించడానికి, 1950లలో సోలమన్ ఆష్ చేసిన ప్రయోగం కంటే మంచిది నాకు తెలియదు. ఒక గదిలో ఏడెనిమిది మంది కూర్చున్నారనుకోండి. ఒక కార్డు మీద ఒక గీత ఉంది, ఇంకో కార్డు మీద మూడు గీతలున్నాయి. మొదటి గీతతో సమానమైనది ఏదో వరసగా పైకి చెప్పాలి. గీతల తేడా చిన్నపిల్లలకు కూడా తెలిసేంత స్పష్టంగా ఉంది. గదిలో ఒక్కరు తప్ప మిగిలినవాళ్లందరూ ప్రయోగకర్త మనుషులే, ఆ ఒక్కరి వంతు దాదాపు అందరి తరవాత వస్తుంది. మొదటి రెండుసార్లు అందరూ సరిగ్గానే చెబుతారు. ఆ తరవాత ఉన్నట్టుండి మొదటివాడు కళ్లకు కనిపిస్తున్న తప్పు గీతను చూపిస్తాడు, రెండోవాడూ అదే అంటాడు, మూడోవాడూ అదే. ఇలా 18 సార్లలో 12 సార్లు జరుగుతుంది. తన వంతు వచ్చేసరికి ఆ మనిషి తన కళ్లను నమ్మాలా, పక్కవాళ్లను నమ్మాలా? ఆ 12 సార్లలో వచ్చిన జవాబుల్లో సుమారు 37 శాతం గుంపుతో కలిసిన తప్పు జవాబులు.

మీ జవాబు పత్రంలో దీన్ని ‘నలుగురితో నారాయణ అనే గుణాన్ని కన్ఫర్మిటీ అంటారు’ అని రాసి ఉంటారని ఊహిస్తున్నాను. అయితే ఆ 37 శాతాన్ని తిప్పి చూడండి. దాదాపు మూడింట రెండు వంతుల జవాబులు గుంపును కాదని చెప్పినవే. నలుగురిలో ఒకరు మొత్తం ప్రయోగంలో ఒక్కసారి కూడా లొంగలేదు. అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. గుంపులో ఒక్క మనిషి నిజం చెప్పినా, తప్పు జవాబులు ఐదారు శాతానికి పడిపోయాయి. జవాబును పైకి చెప్పనివ్వకుండా కాగితం మీద రాయనిచ్చినప్పుడూ బాగా తగ్గాయి. అంటే అది ‘గుణం’ కాదు. మనిషి అదే, గది అదే, ఒక్క కుర్చీలో ఒక్క గొంతు మారింది, ఫలితం మారిపోయింది. ఈ మార్పుల పేరా పుస్తకంలో చిన్న అక్షరాల్లోనో, అధ్యాయం చివరి పేజీలోనో ఉంటుంది. విద్యార్థులు దాటేసేదీ దాన్నే. నన్నడిగితే ప్రయోగంలో ప్రాణమంతా అక్కడే ఉంది.

పరీక్షలో ‘విశ్లేషణ’ అని అడుగుతున్నది కూడా దీన్నే. ఆపదలో ఉన్నవాళ్లకు చూసేవాళ్లు ఎందుకు సాయం చేయరు అన్న ప్రశ్న వచ్చిందనుకుందాం. మీ పాత పద్ధతిలో బైస్టాండర్ ఎఫెక్ట్ నిర్వచనం, దాని మీద నాలుగు వాక్యాలు, నేటి సమాజంలో మానవత్వం తగ్గిపోతోందన్న ఒక నిట్టూర్పు ఉంటాయి. ఆ నిట్టూర్పుకు మార్కులుండవు. దానికి బదులు 1968లో డార్లీ, లటానే చేసిన ప్రయోగాన్ని వివరించండి. విద్యార్థులను వేరువేరు గదుల్లో కూర్చోబెట్టి మైకుల ద్వారా మాట్లాడుకోమన్నారు. మధ్యలో ఒక గొంతు తడబడి, మూర్ఛ వస్తోంది, సాయం చేయండని అడిగింది. అది ముందుగా రికార్డు చేసినది. వినేది తానొక్కరే అనుకున్నవాళ్లలో 85 శాతం మంది ఆ గొంతు ఆగిపోయేలోపే లేచి వెళ్లి చెప్పారు. తాను కాక ఇంకొకరు కూడా వింటున్నారనుకున్నవాళ్లలో 62 శాతం, మరి నలుగురు వింటున్నారనుకున్నవాళ్లలో 31 శాతం మందే ఆ పని చేశారు. లేవనివాళ్లు నిర్లక్ష్యంగా కూర్చున్నారా అంటే, లేదు. వాళ్లలో చాలామంది చేతులు వణుకుతున్నాయి, అరచేతులు చెమట పట్టాయి, ప్రయోగకర్త లోపలికి రాగానే ‘ఆ అబ్బాయికి ఎలా ఉంది’ అని అడిగారు. ఈ ఒక్క వివరంతో ‘మనుషులు కఠినాత్ములు’ అన్న వివరణ పడిపోతుంది, బాధ్యత అందరి మధ్యా పంచబడి పలచనైందన్న వివరణ నిలుస్తుంది. ఏది మార్చారు, ఏది కొలిచారు, వేరే వివరణ ఎందుకు సరిపోదు, ఏ పరిస్థితిలో ఈ ఫలితం కనిపించకుండా పోతుంది అన్న నాలుగు సంగతులు ఏ ప్రయోగం గురించైనా రాయగలిగితే, నిర్వచనం ఒక వాక్యంలో ముగించినా పేపరు దిద్దేవారు పట్టించుకోరు.

గణాంకాలను మాత్రం వదిలేయడం కుదరదు. పైన నేను రాసిన 85, 62, 31 అన్న అంకెలను తీసేసి ఆ పేరాను మళ్లీ చదవండి, అందులో అభిప్రాయం తప్ప ఏమీ మిగలదు. డిగ్రీ స్థాయిలో మీకు కావలసింది పెద్ద గణితం కాదు. సగటు, ప్రామాణిక విచలనం (అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పేది), సహసంబంధం (రెండు విషయాలు ఎంతవరకు కలిసి మారుతున్నాయో చెప్పేది), రెండు సగటుల మధ్య తేడా యాదృచ్ఛికమో కాదో చూసే పరీక్ష, చాలావరకు ఇంతే. లెక్క కట్టే పని ఇప్పుడు కంప్యూటరు చేస్తుంది. మీరు చేయవలసింది పట్టికలోని ఒక వరసను మాటల్లోకి తేవడం. రోజుకు ఒక్క పట్టిక తీసుకుని, ‘ఈ గుంపులో ఇంత, ఆ గుంపులో ఇంత, కాబట్టి ఇలా అనుకోవచ్చు, ఇలా అనుకోకూడదు’ అని మూడు వాక్యాలు రాయండి. ‘అనుకోకూడదు’ అన్న వాక్యమే కష్టం. స్నేహితులు ఎక్కువున్నవాళ్లు సంతోషంగా ఉన్నారని ఒక సర్వే చెబితే, స్నేహం సంతోషాన్నిచ్చిందా, సంతోషంగా ఉండేవాళ్ల దగ్గరికే జనం చేరారా అన్నది ఆ సర్వే చెప్పలేదు. డార్లీ, లటానే ప్రయోగంలో ఎవరు ఏ పరిస్థితిలో కూర్చోవాలన్నది వాళ్ల స్వభావాన్ని బట్టి కాకుండా లాటరీ పద్ధతిలో నిర్ణయించారు కాబట్టి అక్కడ కారణం గురించి మాట్లాడగలుగుతున్నాం. ఈ ఒక్క తేడా అర్థమైతే గణాంకాల భయం సగం పోయినట్టే.

మీ సీనియర్ల మాటలో నిజం ఉంది, కాని వాళ్లు ప్రయోగాలన్నింటినీ కలిపి ఒకే గాటన కట్టేశారు. మనోవిజ్ఞానంలో ప్రచురితమైన 100 అధ్యయనాలను మళ్లీ చేసి చూసిన ఒక పెద్ద బృందం 2015లో ఫలితాలు ప్రకటించింది. మొదటిసారి వచ్చిన ఫలితం గణాంకపరంగా మళ్లీ నిలిచినవి 36 శాతమే, సోషల్ సైకాలజీ విభాగంలో అయితే సుమారు నాలుగో వంతే. మనోనిగ్రహం వాడేకొద్దీ తరిగిపోతుందన్న ప్రసిద్ధమైన ఆలోచనను 2016లో 23 ప్రయోగశాలలు కలిసి పరీక్షిస్తే, ఆ ప్రభావం దాదాపు సున్నా దగ్గర తేలింది. 1971లో విద్యార్థులను ఖైదీలుగా, కాపలాదారులుగా విడదీసి రెండు వారాల పాటు సాగించాలనుకున్న స్టాన్‌ఫర్డ్ జైలు ప్రయోగం ఆరు రోజులకే ఆగిపోయింది. కాపలాదారులుగా ఉన్న విద్యార్థులను కఠినంగా ఉండమని నిర్వాహకులు ప్రోత్సహించిన సంగతి తరవాత రికార్డింగుల ద్వారా బయటపడింది. దాన్ని ఇప్పుడు మనుషుల స్వభావానికి సాక్ష్యంగా చదవకూడదు, ప్రయోగం ఎలా చేయకూడదో తెలుసుకోవడానికి చదవాలి.

అయితే ఆష్ పద్ధతిలో చేసిన ప్రయోగాలను 17 దేశాల నుంచి 133 దాకా సేకరించి 1996లో పరిశీలించినప్పుడు ఆ ప్రభావం నిలిచింది, దేశాన్ని బట్టి, కాలాన్ని బట్టి దాని మోతాదు మారినా సరే. ఇంకో విచిత్రం చూడండి. డార్లీ, లటానే ప్రయోగానికి ప్రేరణ 1964లో న్యూయార్కులో జరిగిన కిటీ జెనోవీస్ హత్య. 38 మంది చూస్తూ ఊరుకున్నారని పత్రికలో వచ్చిన కథనం చాలా అతిశయోక్తి అని తరవాత తేలింది. అంటే ప్రేరణ ఇచ్చిన కథ చెదిరింది, దాని నుంచి పుట్టిన ప్రయోగం మాత్రం తన కాళ్ల మీద తాను నిలబడింది. కాబట్టి ‘తప్పు’ అన్నది కూడా ఒక పేరే. ఏ అధ్యయనం, ఎంతమందితో చేసినది, మళ్లీ చేసినప్పుడు ఏమైంది అని విడివిడిగా అడగండి. ఈ ప్రశ్నలు జవాబు పత్రంలో కనిపిస్తే మీ సీనియర్ల మాట మీకు మార్కులు తెచ్చిపెడుతుంది.

మరో హెచ్చరిక కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఈ ప్రయోగాల్లో ఎక్కువభాగం అమెరికా కళాశాల విద్యార్థుల మీద జరిగినవి. ఒకరి ప్రవర్తనకు కారణం చెప్పమని షికాగోలోనూ మైసూరులోనూ పెద్దలను, పిల్లలను అడిగి జోన్ మిల్లర్ 1984లో పోల్చి చూసింది. చిన్నపిల్లల జవాబుల్లో పెద్ద తేడా లేదు. వయసు పెరిగేకొద్దీ అమెరికా వాళ్లు మనిషి గుణాన్నీ, మైసూరు వాళ్లు పరిస్థితినీ సంబంధాలనూ ఎక్కువగా కారణాలుగా చెప్పారు. ఎదుటివాడి ప్రవర్తనను అతని గుణానికి అంటగట్టడం మానవజాతి మొత్తానికి సహజమని అనుకునే ముందు, ఎవరిని అడిగి చెబుతున్నారో చూడాలి.

ఇప్పుడు మీ స్నేహితురాలి సంగతి. సోషల్ లోఫింగ్ గురించి 1979లో లటానే, విలియమ్స్, హార్కిన్స్ చేసిన ప్రయోగంలో మనుషుల కళ్లకు గంతలు కట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, శక్తికొద్దీ అరవమన్నారు. అరుస్తున్నది తానొక్కరే అయినా, తనతో ఇంకొకరు అరుస్తున్నారని నమ్మినప్పుడు ఒంటరిగా అరిచినదానిలో 82 శాతం, ఇంకో ఐదుగురు ఉన్నారని నమ్మినప్పుడు 74 శాతం మాత్రమే గొంతు పెట్టారు. వాళ్లంతా బద్ధకస్తులని ఎవరూ అనలేదు. 1981లో ఇదే బృందం ఇంకో మార్పు చేసింది. గుంపులో ఉన్నా ఎవరి గొంతు ఎంతో విడిగా కొలుస్తున్నామని చెప్పగానే ఆ తగ్గుదల మాయమైంది. చూశారా, మీరు ఆ అమ్మాయికి తగిలించిన పదం అసలు మనిషిని వర్ణించే పదమే కాదు. ఎవరి వంతు ఎంతో తెలియని పని ఎలా సాగుతుందో చెప్పే పదం. పైగా ఒకరి ప్రవర్తన చూసి పరిస్థితిని వదిలేసి గుణాన్ని నిందించడాన్ని మీ పుస్తకమే ఫండమెంటల్ ఆట్రిబ్యూషన్ ఎర్రర్ అంటుంది. రెండు అధ్యాయాలను కలిపి ఒకే వాక్యంలో మీరు ప్రదర్శించారన్నమాట. నవ్వుతూనే అంటున్నాను, ఏమీ అనుకోకండి; ఈ సబ్జెక్టు చదివేవాళ్లు చాలామంది మొదటి ఏడాది ఈ పని చేస్తారు, ఇంట్లోవాళ్లు కొన్నాళ్లు ఓర్చుకుంటారు.

ఐదుగురి పని ఎలా పంచుకున్నారో మీరు ఎక్కడా రాయలేదు కాబట్టి, బహుశా పంచుకోలేదనే అనుకుంటాను. ఒక కాగితం మీద పనిని ఐదు ముక్కలు చేయండి: ప్రశ్నావళి తయారీ, పాల్గొనేవాళ్ల అంగీకారం తీసుకోవడం, సమాచార సేకరణ, లెక్కలు, నివేదిక. ప్రతి ముక్క ఎదురుగా పేరు రాయడానికి ఖాళీ వదలండి. ‘లెక్కలు’ అన్న చోట మీ పేరు మీరే రాసుకోండి, ఆ భాగం వదిలేస్తున్నానని ఒప్పుకున్నారు కదా. మిగిలిన ఖాళీలను అలాగే ఉంచి ఆ అమ్మాయి దగ్గరికి ఒంటరిగా వెళ్లండి, అందరి ముందూ అన్న మాటకు క్షమించమనండి. ఆ తరవాత, ఇంతవరకు తను పనిలోకి ఎందుకు రాలేకపోయిందో అడగండి. మీ ఉత్తరమంతా వెతికినా ఆ ప్రశ్న మీరు తనను అడిగినట్టు నాకు కనిపించలేదు.